ఇంటి నుంచి ఫిర్యాదు

తలుపు తీసిన ఆమె గుమ్మంలో మెకానిక్‌ని చూసి నీరుగారిపోయింది. కంపెనీ చొక్కా, పనిముట్ల సంచీ అవే; మనిషే తన భర్త కాదు.

“నువ్వొచ్చావేంటి తమ్ముడూ? మీ అన్నయ్యని పంపుతారనుకున్నా.”

“ఫోన్‌లో ఎవరు దగ్గరగా కనిపిస్తే వాళ్లని పంపుతారు వదినా. వాషింగ్ మెషీన్‌కి ఏమైంది?”

“దానికేం రోగం! పోయేది అత్తయ్య. డాక్టరు ఇవాళో రేపో అన్నాడు. కొడుకు కొడుకని ఒకటే కలవరింత. ఆయనకి సెలవివ్వలేదు. చెప్పిన చోటికి కాక ఇంకెటు తిరిగినా కంపెనీ ఫోన్ పట్టిచ్చేస్తుందట. ఫిర్యాదు పెడితే పని మీదే ఇంటికొస్తారు కదా అని...”

లోపలి నుంచి ముసలి గొంతు. “వచ్చావా నాన్నా?”

అతను సంచీ దించి మంచం పక్కన కూర్చున్నాడు. చూపు ఆనని ఆ తల్లి చొక్కా తడిమింది. జేబు మీద కంపెనీ బొమ్మ చేతికి తగలగానే గట్టిగా పట్టుకుని, స్థిమితపడింది.

అతని ఫోన్ గోల మొదలెట్టింది.

“టైమైపోయింది వదినా. మీకొచ్చిన ఓటీపీ చెప్పండి. అది కొడితేగానీ నన్నిక్కణ్ణుంచి కదలనివ్వరు.”

ఆమె తన ఫోన్ వెనక్కి దాచుకుంది.

“చెప్పను తమ్ముడూ. చెప్తే నువ్వు కూడా వెళ్లిపోతావు.”