తిన్నని అంచు

"మళ్లీ వంకర పోయింది," అంది ఆవిడ.

వడ్రంగి చేతిలో చిత్రిక ఆగిపోయింది.

ఆవిడ తలుపు చెక్క చివర వంగి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అంచు వెంట చూస్తోంది. పెళ్లయిన కొత్తలో ఆయనే నేర్పిన పద్ధతి అది. ఇరవయ్యేడేళ్లుగా ఆవిడ అలా చూసి 'ఊ' అంటేగాని ఏ చెక్కా షాపు గడప దాటేది కాదు.

"ఎక్కడే?"

"నడిమధ్యలో. ఎలకను మింగిన పాములా ఉబ్బింది."

ఆయన పొడవాటి ఇనప స్కేలు ఆనించి చూశాడు. రెండోసారి ఆనించాడు. ఏ వంకరా కనబడలేదు. ఆవిడకి భయం వేసింది అందుకే.

ఇలా వంకర పోవడం ఇది మూడోసారి. దీనికి ముందు బీరువా, అంతకుముందు ఊయల తొట్టి. ఆ రెండూ ఆవిడ 'ఊ' అనకుండానే గడప దాటాయి, కొనుక్కున్నవాళ్లెవరూ పేచీ పెట్టలేదు. మొహమాటస్తులు పాపం, అనుకుంది.

అప్పట్నుంచి ఆయన మీద ఓ కన్నేసి ఉంచింది. చూసినకొద్దీ అనుమానం ముదిరింది. కొలత ఒక్కసారి తీసే మనిషి మూడుసార్లు తీస్తున్నాడు. పని బల్లని కిటికీ పక్కకి జరుపుకున్నాడు. సుత్తి దెబ్బకి బొటనవేలు నల్లబడితే, ఆ చెయ్యి వీపు వెనక దాచుకుని తిరిగాడు. ఓ రోజు పరుపు ఎత్తి దులుపుతుంటే కింద కొత్త స్కేలు దొరికింది.

"పాతదానికేమొచ్చింది?"

"వంగిందేమోనని."

"వంగింది స్కేలా, మీ చూపా?"

ఆయన కస్సుమన్నాడు. "నా కళ్లకేం, దివ్యంగా ఉన్నాయి!"

కానీ ఆ వారమే బడివాళ్లు ముప్ఫై బీరువాల పని ఇస్తామని వస్తే వద్దని పంపేశాడు. కంచం ముందు తల వంచుకుని, "చేతకానప్పుడు ఒప్పుకోకూడదులే," అన్నాడు.

ఇక ఆవిడ ఊరుకోలేదు. రెక్క పట్టుకుని కంటాసుపత్రికి లాక్కెళ్లింది.

బెంచీల మీద కూర్చున్నవాళ్లకి నర్సు చెబుతోంది. "కంటి వెనక పొర పాడైతే ఒకప్పుడు చేసేదేం ఉండేది కాదు. ఇప్పుడు కంట్లోకే ఇంజెక్షన్ ఇస్తున్నారు. తొందరగా వస్తే ఉన్న చూపు నిలబడుతుంది. ఆలస్యం చేస్తే మధ్యలో మచ్చ పడిపోతుంది, ఎదుటివాళ్ల మొహం కూడా కనబడదు."

"విన్నారా?" మోచేత్తో పొడిచింది ఆవిడ. "ఎన్నాళ్లు దాచారో ఏమో!"

"కంట్లోకే సూదా?" ఆయన బెంచీ మీంచి లేవబోయాడు.

"చంటిపిల్లాడిలా చెయ్యకండి. నేను పక్కనే ఉంటాగా."

లోపల ఓ యంత్రం మీద ఆయన్ని గడ్డం ఆనించమన్నారు. నిమిషంలో కంటి వెనక పొరలు ప్లైవుడ్ అంచులా దొంతర్లు దొంతర్లుగా తెర మీదికొచ్చాయి. డాక్టరమ్మ తిప్పి తిప్పి చూసింది.

"మీ కళ్లకేమీ లేదండీ. ఈ వయసుకి ఇంత చక్కటి కళ్లు నేను చూళ్లేదు."

ఆయన మొహం వెలిగింది. ఆవిడ మొహం ముడుచుకుంది. ఈ మనిషి డాక్టర్ని ముందే మాట్లాడుకున్నాడా? లేకపోతే యంత్రమే చెడిందా?

గోడకి గళ్ల కాగితం ఒకటి అంటించి ఉంది. నిలువు గీతలు, అడ్డగీతలు, మధ్యలో ఓ చుక్క. ఆవిడ దాని దగ్గరికి వెళ్లి, అలవాటుగా ఎడమ కన్ను మూసి చూసింది. పెదవి విరిచింది.

"ఇవా మీ పరీక్షలు? గీతలే సరిగ్గా గీయించలేకపోయారు. నడిమధ్యలో చూడండి, ఎలా ఉబ్బిపోయాయో!"

డాక్టరమ్మ నవ్వలేదు.

ఆయన పేరున్న ఫైలు మూసి పక్కన పెట్టి, "ఆ గీతలన్నీ తిన్నగానే ఉన్నాయమ్మా, ఇప్పుడు ఈ కుర్చీలో మీరు కూర్చోండి," అంది.