అద్దె ఇంట్లో ఉయ్యాల

మేముండేది మల్కాపురంలో. సింహాచలం కొండ కింద ఉన్న మా ఇంటిని యాత్రికులకు రోజువారీ అద్దెకిస్తాం. చూసుకోవడానికి సన్యాసమ్మని కొత్తగా కుదుర్చుకున్నాం. మర్నాడు దిగేవాళ్ల సంగతి చెబుదామని, చీకటి పడ్డాక పాపని భుజాన వేసుకుని వెళ్లాను. కరెంటు లేదు. ఖాళీ ఇంట్లో ఉయ్యాల కిర్రుమంటోంది.

“ఖాళీ ఉయ్యాల ఊపకూడదని తెలీదా సన్యాసమ్మా? పిల్లకి కీడు!” అన్నాను.

“ఖాళీదేటి? సప్పుడు సేయకమ్మా. నీ పాప ఇప్పుడే నిద్దరోయింది.”

“నా పాపా?”

“నువ్వే గదేటి, పొద్దుగూకినప్పుడు నా సేతికిచ్చి బస్సెక్కీసినావు!”

చీకట్లో తడుముకుంటూ ఉయ్యాల్లోకి చెయ్యి పెట్టాను. వెచ్చటి చిన్న వేళ్లు నా వేలిని పట్టుకున్నాయి.

భుజం మీదున్న పిల్లని తడిమి చూసుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు.