నీలం దారం

"పొద్దున్నే సంచీ సర్దీసారు, ఎక్కడికండీ అత్తయ్యా?"

షర్మిల గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె చేతిలో ఇన్సులిన్ సూది. ఎదురుగా సోమలమ్మ, చంకలో గుడ్డసంచీ.

"కొయ్యూరు. మా సెల్లి కాడికి. తప్పుకోమ్మా, బస్సెల్లిపోద్ది."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"రాను."

లోపల మంచం మీంచి లేయ కేక పెట్టింది. "మామ్మా! బేగి రా! అమ్మ సూది తెచ్చీసింది!"

సోమలమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"విన్నారా?" అంది షర్మిల. "మీరు దగ్గర కూర్చుని చెవి వెనకాల నిమిరితే గానీ అది సూది వేయించుకోదు. పూట తప్పితే ఏమవుద్దో డాక్టరు మీకూ చెప్పాడు కదండీ. దాన్ని నా మీద వదిలేసి పోతారా?"

"నానుంటేనే దానికి ముప్పమ్మా. నా సెయ్యి మంచిది కాదు."

లేయ, రాహేలు కవలపిల్లలు. ఇద్దరికీ ఎనిమిదేళ్లు. మొన్న వేసవిలో లేయ కడవల కొద్దీ నీళ్లు తాగి, పుల్లలా చిక్కిపోయి, ఒకరోజు బళ్లో పడిపోయింది. విశాఖపట్నం తీసుకెళ్తే సుగరన్నారు. పసిపిల్లకి సుగరేటని వీధివీధంతా ముక్కున వేలేసుకుంది. అప్పట్నుంచీ పూటపూటా సూదే. ఇంట్లో ఫ్రిజ్ లేదు గనక మందుసీసా తడికుండలో ఉంటుంది.

పెద్దాసుపత్రి డాక్టరు అన్నీ అడుగుతూ, "పసితనంలో ఏం పాలు పట్టారు?" అన్నాడు. "ఆవుపాలేనండి" అని సోమలమ్మే చెప్పింది. "నెలల పిల్లలకి ఆవుపాలు పడితే ఈ జబ్బు వస్తుందేమోనని కొందరి అనుమానం. ఇంకా రుజువేం కాలేదు. మీ తప్పు కాదు పెద్దమ్మా" అన్నాడాయన. పాపం, సోమలమ్మ మొదటిమాట దగ్గరే ఆగిపోయింది. తరవాతిది చెవికెక్కితే కదా!

ఆ రోజునుంచి ఆవిడ మనిషి మనిషిలా లేదు. పొయ్యి మీద పాలు పొంగితే చాలు, చెవులు మూసుకుని పెరట్లోకి పోతుంది. పొంగే పాలల్లో చంటిపిల్ల ఏడుపు వినిపిస్తుందట. ఆదివారం చర్చిలో అందరూ పాట పాడుతుంటే ఈవిడ నోరు పెగలదు.

"అది నా ఖర్మత్తయ్యా. మీరేం చేసారని?" అంది షర్మిల.

"నానే సేసాను! ఇద్దరికీ నీ పాలు సాలవు, ఒకర్తికి ఆవుపాలు పడదామన్నదెవులు? నాను. బొద్దుగా ఉంది, ఇదైతే తట్టుకుంటాదని లేయని ఏరిందీ నానే. దారం కట్టిందీ నానే. నా సేత్తో పట్టాను తల్లీ, నా సేత్తో!"

పుట్టినప్పుడు ఇద్దరూ అచ్చుగుద్దినట్టుండేవారు. కన్నతల్లే పోల్చుకోలేకపోయేది. అందుకని ఆవుపాలు తాగే పిల్ల చేతికి గుర్తుగా సోమలమ్మ దారం కట్టింది. నల్లదారమైతే దిష్టిదారమని పాస్టరుగారు కేకలేస్తారని, తన చీర అంచులోంచి నీలం పోగు లాగి మరీ కట్టింది. ఆ పాలూ ఈ పాలూ ఒక్క కడుపులో పడితే విరిగిపోతాయని ఆవిడకి గట్టి నమ్మకం. తారుమారు కానిచ్చేది కాదు.

షర్మిల సూది పళ్లెంలో పెట్టి వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"ఒక మాట చెప్తాను. తిట్టకండి. ఇన్నేళ్లూ మీకు భయపడి చెప్పలేదు."

"ఏటది?"

"నేను ఒకదాన్ని ఒళ్లో వేసుకుంటే రెండోది నాకేసే చూసేది. కడుపు తరుక్కుపోయేదండీ. అందుకని పొద్దున్న మీరు పాలకి వెళ్లగానే, పిల్లలు లేవకముందే, ఆ దారం విప్పి రెండోదానికి కట్టీసేదాన్ని."

"ఎప్పుడు?"

"రోజూ. ఇవాళ ఇది నా పాలు తాగితే రేపు అది తాగేది. ఇద్దరూ రెండు పాలూ తాగారత్తయ్యా! దారం ఎవరికుంటే వాళ్లే లేయ అనుకున్నాం గానీ, అసలు లేయ ఎవరో దేవుడికే తెలియాలి. మరి రాహేలు బానే ఉంది కదా? ఇందులో మీ తప్పేటి, ఆవు తప్పేటి?"

సోమలమ్మ చంకలోంచి సంచీ జారి కింద పడింది. లోపలికి వెళ్లి మంచం మీద కూర్చుంది. లేయ గబుక్కున పాకి ఆవిడ ఒళ్లో తల పెట్టేసింది. ముసలి వేళ్లు అలవాటుగా చెవి వెనక్కి వెళ్లాయి. షర్మిల సూది వేసింది. పిల్ల కిక్కురుమనలేదు.

ఎన్నాళ్లకో షర్మిల గుండె తేలికపడింది. "ముందే చెప్పాల్సింది. నాదే బుద్ధితక్కువ. ఆ సంచీ విప్పీమంటారా?" అంది నవ్వుతూ.

సోమలమ్మ నవ్వలేదు. లేయ జుట్టు పక్కకి తీసింది. చెవి వెనకాల ఆవగింజంత పుట్టుమచ్చ.

"కాళ్ల మీదేసుకుని నీళ్లు పోసిందాన్ని, పుట్టిన్నాడే సూసుకున్నాను. దారం నీ కోసం కట్టానమ్మా, నాకెందుకు? రోజూ నాను పాలు తెచ్చీసరికి దారం మచ్చ లేనిదాని సేతికుండీది. బాలింతవి, మతిమరుపని నిన్నేటీ అన్లేదు. రోజూ దాన్ని ఇప్పి, మళ్లీ దీనికే కట్టి, దీనికే పట్టాను తల్లీ!"