ఏ రోజీ?

"తాడు వదులు."

"నువ్వే వదులు."

కొత్త స్మారక ఫలకం మీద నీలం గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డకు కట్టిన తాడును చెరో చేత్తో పట్టుకుని ఇద్దరు ముసలి రోజీలు నిలబడ్డారు. చర్చి ముందు పచ్చికలో కార్వర్స్ బెండ్ ఊరంతా మడత కుర్చీలు వేసుకుని కూర్చుంది. హైస్కూలు బ్యాండు పిల్లలు బూరలు నోటి దగ్గర పెట్టుకుని, ఎంతకీ సైగ అందక మళ్ళీ దించేశారు.

ఫలకం మీద ఏముందో అందరికీ తెలుసు. '1937 మహా వరదలో ఊరంతా ఈ చర్చిలో తలదాచుకుంది. ఆ రాత్రి ఇక్కడే రోజీ పుట్టింది.' ఆ రోజీ చేతనే గుడ్డ లాగించాలని చరిత్ర సంఘం తీర్మానించింది. ఏ రోజీ అని మాత్రం ఎవరికీ తోచలేదు.

"ఆ ఏడు పుట్టిన ఆడపిల్లల్లో సగం మందికి అదే పేరు పెట్టారు గదా, మహానుభావులు!" సంఘం అధ్యక్షుడు డెల్మర్ తల పట్టుకున్నాడు. "పోనీ, ఇద్దరూ కలిసి లాగండి అత్తా."

"ఇద్దరం కలిసి పుట్టామేంట్రా?" అంది ఏటిగట్టు రోజీ.

"దీంతో కలిసి పుట్టడం కంటే ఆ వరదలో కొట్టుకుపోవడం నయం," అంది మిట్ట రోజీ.

జనం గొల్లుమన్నారు. ఏటిగట్టు రోజీ మాత్రం నవ్వలేదు. ముందు వరసలో మనవరాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. పుట్టినప్పటి నుంచీ వాళ్ళకి ఆవిడ చెప్పిన కథ ఇదొక్కటే. తను ఆ రాత్రి పుట్టిందని తల్లి నోరు తెరిచి చెప్పిందా అంటే, చెప్పలేదు. అడిగినప్పుడల్లా నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అంటే ఔననే కదా!

"మా అమ్మ ఆ రాత్రి ఈ చర్చిలోనే ఉంది," అంది తాడు బిగించి.

"మా అమ్మ ఏమన్నా చెట్టెక్కి కూర్చుందా? ఆవిడా ఇక్కడే ఉంది!"

అప్పుడే ఓ కారు వచ్చి ఆగింది. పక్క జిల్లాలో కూతురి దగ్గర ఉంటున్న ఓపల్ పెద్దమ్మను చక్రాల కుర్చీలో దించారు. వరద నాటికి పదేళ్ళ పిల్ల. ఆ రాత్రి చర్చిలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆవిడొక్కతే.

డెల్మర్‌కి ప్రాణం లేచొచ్చింది. "పెద్దమ్మా! రోజీ పుట్టినప్పుడు నువ్వున్నావా?"

"ఉండడమేంట్రా? లాంతరు పట్టుకుంది నేనే. ఆ పేరు పెట్టిందీ నేనే," అంది ఓపల్. "బయట నీళ్ళు మెట్ల దాకా వచ్చేశాయి. లోపల ఒకటే ఏడుపులు, ప్రార్థనలు. అది పుట్టేసరికి అందరం ఏడుపు మానేసి చప్పట్లు కొట్టాం. ఇక బతుకుతాంలే అనిపించింది."

వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు.

"మరి వీళ్ళిద్దర్లో ఎవరో గుర్తుపట్టగలవా?" అన్నాడు డెల్మర్.

ఓపల్ కళ్ళజోడు సర్దుకుని ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "దానివి పెద్ద పెద్ద గోధుమరంగు కళ్ళు."

ఇద్దరూ కళ్ళు చికిలించడం మానేసి, చేటలంత చేసుకుని చూశారు.

"నుదుటి మీద తెల్లమచ్చ."

మిట్ట రోజీ టోపీ తీసి పారేసింది. "ఇదిగో! చూడు పెద్దమ్మా!"

"అది మొన్న అల్మరా తలుపు తగిలి పడింది. నేను చూళ్ళేదనుకున్నావా?" ఏటిగట్టు రోజీ జుట్టు పైకి తోసి, నుదురు ఎండకేసి పెట్టింది. "నాది చూడు. సరిగ్గా చూడు. పుట్టుమచ్చ!"

"ఆకలెక్కువ దానికి. ఆగేది కాదు."

"నేనే! పొద్దున్నుంచి నాలుగు ఆపిల్ పై ముక్కలు తిన్నాను, కావాలంటే అడుగు!"

"నాలుగేనా? నేను అయిదు!"

డెల్మర్ ఇద్దరి మధ్యా చేతులు అడ్డం పెట్టాడు. బ్యాండు పిల్లలు నవ్వాపుకోలేక బూరల్లోకి ఊదేశారు. ఓపల్ పెద్దమ్మ కుర్చీని తనే తోసుకుంటూ ముందుకొచ్చింది. ఏటిగట్టు రోజీని నిలబడ్డ చోటే ఒకసారి గుండ్రంగా తిరగమంది. ఆవిడ తిరిగింది. మిట్ట రోజీని తిరగమంది. ఆవిడా తిరిగింది. ఊరంతా మెడలు చాచింది.

ఓపల్ పెద్దమ్మ పెదవి విరిచింది.

"కళ్ళూ, మచ్చా, ఆకలీ అన్నీ సరే గానీ, తోకేదే? మా ఆవు ఈనిన రోజీకి ఇంత పొడుగు తోక ఉండేది!"