టట్‌హిల్ సంతకం

"ఇదిగో, నిన్ననే వచ్చింది. చూసి ఏడు," అంటూ వెర్నన్ ఉత్తరాన్ని కాఫీ కప్పుల మధ్య పరిచాడు.

ఎవరెట్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. రస్ టట్‌హిల్! ఒకప్పుడు వాళ్ళ ఊరి బేస్‌బాల్ జట్టుని నడిపించిన మేనేజర్. ముత్యాల్లాంటి అక్షరాలు, కింద నీలి సిరాతో సంతకం.

"నీకూ రాశాడా?" ఎవరెట్ మొహం మాడిపోయింది.

"నాకేంటి, మా బావమరిదికీ రాశాడు. వాడికి బంతికీ బ్యాటుకీ తేడా తెలీదు. ఇంతకీ నువ్వేం రాశావురా ఆయనకి?"

"ఉన్నదే రాశాను. ఫైనల్లో డెల్ అలసిపోయినా మార్చకుండా అతని చేతే బంతులు వేయించారు, ఓడిపోయాం. ఆ రోజు మిమ్మల్ని తిట్టని తిట్టు లేదు, రేడియో నేలకేసి కొట్టాను. డెల్‌కి అదే ఆఖరి ఆట అని తర్వాత తెలిసింది. మీ స్థానంలో ఉంటే నేనూ మార్చేవాణ్ణి కాదు అని."

వెర్నన్ పగలబడి నవ్వాడు. "ఓడిన ఆట గుర్తుచేసి సంతకం అడిగావా! నీ అంత తెలివైనవాడు అయోవా మొత్తం గాలించినా దొరకడు. పొగడాలిరా బాబూ, పొగడాలి!"

తన మంగలి షాపు మూసేసినప్పటి నుంచి ఆ పాత జట్టువాళ్ళ ఉత్తరాలు పోగుచేయడమే ఎవరెట్ పని. తిరుగు కవరుకి స్టాంపు అంటించి మరీ ఒక్కొక్కరికీ రాశాడు. అందరూ జవాబిచ్చారు. మిగిలింది టట్‌హిల్ ఒక్కడే. మళ్ళీ రాశాడు. మళ్ళీ మళ్ళీ రాశాడు. పోస్ట్‌మన్ బండి చప్పుడైతే చాలు, గేటు దాకా పరుగు. ఉత్త చేతులతో వెనక్కి.

"పోనిద్దూ. రాయడం రాయకపోవడం ఆయనిష్టం," అంది అతని భార్య మార్లిస్.

"ఊరందరి మీదా ఉన్న ఇష్టం నా ఒక్కడి మీదే లేదా? మొహం మీదే అడుగుతాను," అంటూ ట్రక్కు తాళాలు లాక్కుని బయల్దేరాడు.

నది అవతలి ఒడ్డున ఉన్న ఇంటి తలుపు టట్‌హిల్ కూతురు జోన్ తీసింది. ఆమె వెనక, పెరటి వరండాలో ముసలాయన కనిపిస్తూనే ఉన్నాడు. పక్కన రేడియోలో ఆట సాగుతోంది. ఆయన కాగితం మీద పెన్సిల్‌తో ఏవో పిచ్చిగీతలు గీస్తున్నాడు. కాళ్ళ చుట్టూ నలిపి పారేసిన కాగితాలు.

ఎవరెట్‌కి ఒళ్ళు మండిపోయింది. "అన్ని కాగితాలు పాడుచేసే బదులు నాకో రెండు ముక్కలు రాస్తే ఏం పోయింది? నా ఉత్తరాలన్నీ చెత్తబుట్టలో పారేశారా?"

"మీ పేరు?"

"ఎవరెట్ లిండ్‌క్విస్ట్."

జోన్ వాకిలికి అడ్డం తప్పుకుంది. "లోపలికి రండి. కుడివైపు పక్షవాతం వచ్చినప్పటి నుంచి నాన్న పేరుతో అందరికీ నేనే రాసి, నేనే సంతకం పెట్టేస్తున్నానండీ."

"మరి నాకు కూడా పెట్టి పారేయాల్సింది!"

"పెట్టబోయాను. నాన్న మీ ఉత్తరం మళ్ళీ చదివించుకుని, నా చేతిలో కాగితం లాగేసుకున్నాడు."

"ఎందుకు?"

"మీకిచ్చే సంతకం తనే పెట్టాలని, ఎడమచేత్తో నేర్చుకుంటున్నాడు."