ఒకటి నొక్కని మధ్యాహ్నం

పుల్లలచెరువు దగ్గర పల్లెలో ఇంట్లోనే కూర్చుని, అరుణకుమారి నల్లటి తెర మీద ఒక్క వరుస కమాండ్ కొట్టి కంపెనీ క్లౌడ్ సర్వర్‌లోకి వెళ్తుంది. పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. ఫోనుకు కాల్ వస్తుంది, అందులో ఒకటి నొక్కితేనే సర్వర్ తెరుచుకుంటుంది.

ఇంటికి కేబుల్ నెట్ ఉంది గానీ ఫోనుకు సిగ్నల్ కొండ మీదే. అందుకని ఫోను కొండ మీద గొర్లు మేపే నాయన రంగయ్య జేబులో ఉంటుంది. కాలొస్తే ఒకటి నొక్కేది ఆయనే.

ఒకరోజు సెక్యూరిటీ మేనేజర్ నుంచి మెయిల్ వచ్చింది. "నిన్న మధ్యాహ్నం ఎవరో మన పాస్‌వర్డ్‌లు దొంగిలించి సర్వర్‌లోకి రావాలని చూశారు. నలభై మందికి కాల్ వెళ్తే ముప్పై తొమ్మిది మంది ఒకటి నొక్కేశారు. మీరెలా పసిగట్టారు?"

గొర్లు దొడ్డికి చేరాక అడిగింది. "నిన్న కాలొస్తే ఎందుకు నొక్కలే నాయనా?"

"కొండ మీంచి చూస్తే నువ్వు కుళాయి కాడ బిందె పట్టుకోని కనపడినావు గదమ్మా. మరి లోపల ఉండేది ఎవురు?"

మేనేజర్‌కు మాత్రం "నేనెప్పుడూ జాగ్రత్తగా ఉంటానండీ" అని రాసింది.

ఆయన మురిసిపోయి, సోమవారం కంపెనీ అంతటికీ ఆమెనే క్లాసు చెప్పమన్నాడు. విషయం: 'ఫోను ఎవరి చేతికీ ఇవ్వకూడదు'.

క్లాసు ఫైలు సర్వర్‌లో ఉంది. అరుణకుమారి వాకిట్లోకి వచ్చి, కొండ మీదికి కనపడేలా చేయి ఊపి, లోపలికి వెళ్లి కమాండ్ కొట్టింది.