కొంగ కాళ్లు

పెంటమ్మ బర్రె బురదలో కూరుకుపోయిన నాటికి, దుర్బిన్ పెద్దాయన ఊరు విడిచి వెళ్లిపోయాడు.

అది 1938 చలికాలం. హిమాయత్‌సాగర్ నీళ్లు తగ్గేకొద్దీ బురద బయటపడుతుంది. అది దాటితేనే జమ్ము గడ్డి. ఆ జమ్ముతో చాపలల్లి చేవెళ్ల అంగడిలో అమ్మితేనే పెంటమ్మ పొయ్యి వెలుగుతుంది.

రెండేళ్ల కింద అక్కడే ఆమె మునిగిపోతుంటే, మిషన్ బడి పంతులమ్మ విమలమ్మ దిగి గట్టుకు నెట్టింది. తాను మాత్రం బయటపడలేదు. ఆమెది మెదక్ వైపు ఏదో ఊరు. ఇంటివాళ్లకు కబురు అందేలోగా ఇక్కడే మట్టి చేశారు.

ఎక్కడి నుంచో వచ్చిన ఆ పెద్దాయన రోజూ గట్టున కూర్చొని, కళ్లకు దుర్బిన్ పెట్టుకొని బురదకేసి చూసేవాడు. తర్వాత దిగి అక్కడక్కడ పుల్లలు పాతేవాడు.

జమ్ము కోసే ఆడవాళ్లు మల్లప్ప పటేలుకు చెప్పారు.

"ఆడోళ్ల దిక్కు ఏం చూస్తున్నవు పెద్దాయనా?"

"కొంగ కాళ్లు చూస్తున్న పటేలా."

"మొగం ఉండంగ కాళ్లెందుకు?" అంది పెంటమ్మ. అందరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. "పెంటమ్మ అంటే నువ్వేనా, అవ్వా?" అని అడిగి, ఆమెను కాసేపు చూసి మళ్లీ దుర్బిన్ ఎత్తాడు.

మల్లప్పకు పుల్లలు కనిపించాయి. పిట్టలు పట్టేవాళ్లు ఉచ్చులకు అట్లాగే పాతుతారు.

"సర్కారు చెరువుల పిట్టలు పడితే ఊరి మీదికొస్తది. నడువు."

"పని సగమే అయింది పటేలా. జర ఆగనియ్యి."

ఆగనివ్వలేదు. పుల్లలన్నీ పెంటమ్మే పీకి పొయ్యిలో పెట్టుకుంది.

బర్రె పోయాక వచ్చిన ఆదివారం ఆమె విమలమ్మ సమాధికి వెళ్లింది. చుట్టూ కొత్తగా రాళ్లు పేర్చి ఉన్నాయి. ఎవరు పేర్చారని మిషన్ గుడి ఊడ్చే సాముయేలును అడిగింది.

"ఆ దుర్బిన్ పెద్దాయనే. కొంగ కాలు దిగబడని తావు గట్టి నేలట. జమ్ము దాకా పెంటమ్మకు దారి పెడుతున్న అన్నడు."

"నాకా? నాకెందుకన్నా?"

సాముయేలు సమాధి వైపు చూశాడు.

మరునాడు పెంటమ్మ గట్టున కూర్చుంది. కొంగలు దూరంగా నడుస్తున్నాయి. కాలు ఎంత దిగుతున్నదో ఆమె కంటికి ఆనలేదు.

విమలమ్మ తండ్రి మొదలుపెట్టిన ఆ దారిని ఇంతవరకు ఎవరూ పూర్తి చేయలేదు.